పైపు మార్చి గుర్రాలు లెక్కపెట్టే ఇంజినీర్లకు

ఒక విషయం ముందే చెప్పేస్తాను, తర్వాత గొడవుండదు. నాకు కార్ల పిచ్చి ఉంది. అందులోనూ ఇన్‌లైన్ సిక్స్ అంటే మరీను. ఆరు సిలిండర్లు వరసగా నిలబెట్టిన ఇంజిన్ ఎంత నున్నగా తిరుగుతుందో ఒకసారి విన్నవాడు మళ్ళీ మామూలు మనిషి కాలేడు. కాబట్టి ఇది "ఆఫీసుకి పోయి రావడానికి కరోలా చాలదా" అనే బాపతు నీతిబోధ కాదు. నా గొడవంతా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళతోనే. ఇక్కడ కాలిఫోర్నియాలో పాత బీఎమ్‌డబ్ల్యూ ఒకటి కొని, జీతంలో మిగిలిందంతా దానికి పోసి, హెడర్లు బిగించి, "ముప్పై గుర్రాలు పెరిగాయి మావా" అని చెప్పే ఇంజినీర్లతో.

ముప్పై అని ఎలా తెలిసింది అని అడగండి. "సీట్లో కూర్చుంటే తెలుస్తుంది" అంటారు. ఇదే మనిషి దగ్గరికి ఆఫీసులో ఓ జూనియర్ వచ్చి "క్వెరీ ఫాస్ట్ అయినట్టు అనిపిస్తోంది సార్" అంటే ఊరుకుంటాడా? ఉతికి ఆరేస్తాడు. ఎన్నిసార్లు రన్ చేశావు, ఏ లోడ్ మీద, ముందు నంబరెంత, తర్వాత నంబరెంత, కాష్ క్లియర్ చేశావా లేదా అని ప్రాణం తీస్తాడు. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా కొలిస్తే తప్ప దేన్నీ నమ్మని మనిషి, ఆరు దాటాక గరాజ్‌లోకి వెళ్ళి తాయెత్తు కట్టుకున్నట్టు పైపు కట్టుకుంటున్నాడు.

హెడర్ అంటే ఏవిటో తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. సిలిండర్లలో కాలిన పొగ బయటకొచ్చి సైలెన్సర్ వైపు పోవడానికి ఇంజిన్ పక్కనే ఒక గొట్టాల గుంపు ఉంటుంది. కంపెనీ పెట్టినదాన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంటారు. పాత కార్లలో అదొక పోత ఇనుప ముద్ద. దాన్ని పీకేసి, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో పొడుగాటి స్టీలు గొట్టం పెట్టి, కొంత దూరం పోయాక అవి కలిసేలా చేస్తే దాన్ని హెడర్ అంటారు.

సిద్ధాంతం అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. శుద్ధ అబద్ధమైతే ఇన్నేళ్ళు బతికేది కాదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునేసరికి సిలిండర్లో ఇంకా బోలెడు ఒత్తిడి మిగిలే ఉంటుంది. అది ఒక్క ఉదుటున గొట్టంలోకి దూకి, ఒత్తిడి అలలా ప్రయాణిస్తుంది. గొట్టాలు కలిసే చోట వెడల్పు హఠాత్తుగా పెరుగుతుంది కదా, అక్కడ ఆ అల తలకిందులై, తోసే అల కాస్తా పీల్చే అలగా మారి వెనక్కొస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాస్త కాస్త తెరిచి ఉండే ఆ చిన్న సందులో గనక అది వాల్వ్ దగ్గరికి చేరిందో, సిలిండర్లో మిగిలిన పొగని బయటికి లాగి కొత్త గాలికి దారిస్తుంది. పైసా ఖర్చు లేని సూపర్‌చార్జర్ అన్నమాట.

"ఆ చిన్న సందులో గనక" అన్న ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకి సుమారు 550 మీటర్లు. గొట్టం పొడుగు 80 సెంటీమీటర్లు అనుకుంటే అల పోయి రావడానికి 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ 2.9 మిల్లీసెకన్లలో క్రాంక్, ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గరుంటే 105 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గరుంటే 52 డిగ్రీలే తిరుగుతుంది. గొట్టం పొడుగు మారదు. అల వేగం పెద్దగా మారదు. ఇంజిన్ వేగం ఒక్కటే మారిపోతూ ఉంటుంది. అంచేత ఒక ఆర్‌పీఎం దగ్గర సాయం చేసిన అల ఇంకో ఆర్‌పీఎం దగ్గర సమయానికి రాదు. కొన్ని చోట్ల ఎదురొచ్చి తోస్తుంది కూడా. హెడర్ కొనడం అంటే గుర్రాలు కొనడం కాదు, ఉన్న గుర్రాల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోలడం. 880 మీద ట్రాఫిక్‌లో 2000 దగ్గర పాక్కుంటూ పోయేవాడికి 6000 దగ్గర పెరిగిన బలం ఏం చేసుకోడానికి?

ఇక్కడే ఇంకో వేదవాక్యం వినపడుతుంది: "ఇంజిన్‌కి కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే టార్క్ పోతుంది." ఇది చెప్పేవాళ్ళు ఎంత ధీమాగా చెప్తారంటే ఎదురు చెప్పడానికి మొహమాటమేస్తుంది. ఏ ఇంజిన్‌కీ బ్యాక్ ప్రెషర్ అక్కర్లేదు. దానికి కావలసింది పొగ వేగం. మరీ లావు గొట్టం పెడితే వేగం పడిపోయి, కింద ఆర్‌పీఎంలో లాగుడు తగ్గిపోతుంది. చూసినవాడు "అదిగో, బ్యాక్ ప్రెషర్ పోయింది" అంటాడు. వేగం పోయిందిరా నాయనా!

సరే, ఇన్‌లైన్ సిక్స్ దగ్గరికి వద్దాం. బీఎమ్‌డబ్ల్యూ సిక్సులు, టయోటా 2జేజెడ్, నిస్సాన్ ఆర్‌బీ26, ఆఖరికి జీపుల్లో వచ్చిన 4.0 లీటర్ల ఇంజిన్ కూడా... వీటన్నిటి ఫైరింగ్ ఆర్డర్ ఒకటే: 1-5-3-6-2-4. ప్రతి 120 డిగ్రీలకి ఒక సిలిండర్ పేలుతుంది. కాగితం తీసి రాసుకోండి. ఒకటో సిలిండర్ 0 దగ్గర, అయిదు 120, మూడు 240, ఆరు 360, రెండు 480, నాలుగు 600. ఇప్పుడు ముందరి మూడు సిలిండర్లనీ విడదీయండి: 0, 240, 480. వెనక మూడు: 120, 360, 600. చూశారా? రెండు గుంపుల్లోనూ ఒక పేలుడుకీ ఇంకోదానికీ మధ్య కచ్చితంగా 240 డిగ్రీలు. ఒక సిలిండర్ పొగ వదలడం దాదాపు పూర్తయ్యాక గానీ అదే గుంపులో ఇంకోటి మొదలుపెట్టదు. ఎవరూ ఎవరి కాలూ తొక్కరు. నాకైతే ఈ లెక్క చూసినప్పుడల్లా, ఎవరో పెద్దాయన రాసిపెట్టిన చక్కటి అల్గారిథం చదివినట్టుంటుంది. మామూలు అమెరికన్ వీ8 లో ఈ సుఖం లేదు, ఒక్కో వైపు నాలుగు సిలిండర్లూ వంకర టింకర ఎడంతో పేలతాయి. అక్కడి హెడర్ కథలు మోసుకొచ్చి ఇక్కడ చెప్తున్నారు మనవాళ్ళు.

ఇంత తేలిక లెక్క మ్యూనిక్‌లో కూర్చున్న ఇంజినీర్లకి తెలియదంటారా? ఉదాహరణకి మనవాళ్ళకి ముద్దొచ్చే పాత ఈ46 330ఐ తీసుకోండి. అందులో ఉండేది ఎం54 ఇంజిన్, 2979 సీసీ, అమెరికా లెక్కలో 225 హార్స్‌పవర్. దానికి ఫ్యాక్టరీ నుంచే రెండు మానిఫోల్డులు వస్తాయి. ఒకటి ముందరి మూడు సిలిండర్లకి, ఒకటి వెనక మూడింటికి. ఇనుప ముద్దలు కూడా కావవి, స్టీలు గొట్టాలే. అంటే "మూడు కలిపి ఒకటి" అని మీరు డబ్బు పోసి కొనుక్కుంటున్న డిజైన్ మీ కారులో పుట్టుకతోనే ఉంది.

రెండుగా విడగొట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది నాకు భలే ఇష్టం. ఇన్‌లైన్ సిక్స్ పొడుగు ఇంజిన్. ఈ బీఎమ్‌డబ్ల్యూలలో ఒక సిలిండర్ నడిమధ్య నుంచి పక్కదాని నడిమధ్యకి 91 మిల్లీమీటర్లు. ఒకటో సిలిండర్ నుంచి ఆరో దానికి 455. స్టెయిన్‌లెస్ స్టీలు 600 డిగ్రీలు వేడెక్కితే ఆ పొడుగు మీద సుమారు 4.6 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని బోల్టులతో బిగించిన అల్యూమినియం హెడ్ ఏమో నీళ్ళతో చల్లబడుతూ, 80 డిగ్రీలే వేడెక్కి, ఒక మిల్లీమీటరు కూడా సాగదు. దాదాపు నాలుగు మిల్లీమీటర్ల పేచీ! రోజూ కారు స్టార్ట్ చేసినప్పుడల్లా ఒకడు సాగుతానంటాడు, ఒకడు కదలనంటాడు. ఆరు గొట్టాలూ ఒకే పట్టీకి వెల్డింగ్ చేసిన చవక హెడర్లో ఈ పేచీ అంతా వెల్డింగ్ మీద పడుతుంది. మొదట గాస్కెట్ ఊదుతుంది, తర్వాత పగులొస్తుంది. జీపు 4.0 కి తొంభైల్లో వచ్చిన గొట్టాల మానిఫోల్డ్ పగుళ్ళకి పెట్టింది పేరు, అదీ కంపెనీ పెట్టినదే. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు ఇలా సన్నటి పగులొస్తే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, ఈసీయూ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. పవరు కోసం పెట్టిన పైపు పెట్రోలు తాగడం మొదలెడుతుంది.

"మరి డైనో షీట్ ఉంది కదా?" అంటారు. ఉంటుంది. ఎవరిచ్చారు? హెడర్ అమ్మినవాడే ఇచ్చాడు. ఎలకకి పిల్లి సాక్ష్యం. చక్రాల దగ్గర కొలిచే డైనో మీద పైన చెప్పిన 330ఐ ఇంచుమించు 190 చూపిస్తుంది. ఒకే కారుని ఒకే డైనో మీద వెంటవెంటనే మూడుసార్లు పరిగెత్తించినా రెండు మూడు శాతం తేడా రావడం మామూలే. అంటే అయిదారు గుర్రాలు గాల్లోంచే వస్తాయి, గాల్లోనే పోతాయి. ఇంజిన్ వేడి, టైర్లలో గాలి, ముందు పెట్టిన ఫ్యాను, బానెట్ తెరిచారా మూశారా, అన్నీ ఇందులో చెయ్యి పెడతాయి. పైగా ఇంకో చమత్కారం ఉంది. వాతావరణం తేడాని సరిచేయడానికి డైనో సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి, ఎస్‌ఏఈ అని ఒకటి, ఎస్‌టీడీ అని ఒకటి. రెండోది మొదటిదానికంటే నాలుగు శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. "ముందు" గీతని ఎస్‌ఏఈలో, "తర్వాత" గీతని ఎస్‌టీడీలో ప్రింట్ తీస్తే చాలు, స్పానర్ ముట్టుకోకుండా ఏడెనిమిది గుర్రాలు పుట్టేస్తాయి! మన ఇంట్లో కొత్త ఉద్యోగి ఇలాంటి బెంచ్‌మార్క్ పట్టుకొస్తే వాడి మొహాన కొడతాం. గరాజ్ వాడు పట్టుకొస్తే ఫ్రేము కట్టించుకుంటాం.

పోనీ నిజంగానే అయిదు గుర్రాలు పెరిగాయనుకుందాం. 225 లో 5 అంటే రెండు శాతం పైచిలుకు. పదిహేను వందల కిలోల కారులో 33 కిలోలు తగ్గించినా బరువుకి పవరు లెక్క అంతే బాగుపడుతుంది. ఇండియన్ స్టోర్లో కొని, పైకి మోసే ఓపిక లేక రెండు వారాలుగా డిక్కీలో వదిలేసిన నాలుగు 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు దింపుకోండి. లెక్క సరిపోయింది.

నవ్వులాటకి అనడం లేదు. ఇరవయ్యేళ్ళు దాటిన ఎం54 లో పోయిన పవరు ఎక్కడ పోయిందో అందరికీ తెలుసు. వ్యానోస్ సీళ్ళు గట్టిపడి క్యామ్‌షాఫ్టులు చెప్పిన మాట వినవు. ఇన్‌టేక్ రబ్బరు గొట్టం చిట్లి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. డీసా వాల్వ్ ఊగిసలాడుతుంది. ఇవి బాగుచేస్తే కారు కొత్తదానిలా లాగుతుంది. కానీ వీటిలో ఏదీ మెరవదు, ఫోటోకి పనికిరాదు. అందుకే బగ్గులన్నీ అలాగే ఉంచి కొత్త ఫీచర్ రిలీజ్ చేస్తాం. ఎక్కడో విన్నట్టుంది కదూ.

హెడర్లు ఎప్పుడూ పనికిరావు అనడం లేదు నేను. డాట్సన్ 240జెడ్ చూడండి, డెబ్భైల మొదటి రోజుల కారు, 2393 సీసీ ఇన్‌లైన్ సిక్స్, పోత ఇనుప మానిఫోల్డ్, కార్బ్యురేటర్లు. దానికి క్యామ్ మార్చి, కార్బ్యురేటర్లు సరిచేసి, పోర్టులు సాపు చేసి, వాటితోపాటు హెడర్ పెడితే ఎంతో తేడా కనిపిస్తుంది. పైగా 1975, అంతకుముందు మోడళ్ళకి కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ లేదు. వాళ్ళకో నమస్కారం. ఇప్పటి కాలం ఉదాహరణ కావాలంటే టయోటా సుప్రా ఉంది, లోపల ఉండేది బీఎమ్‌డబ్ల్యూ బీ58 సిక్సే. 2020 మోడల్‌లో 335 హార్స్‌పవర్ ఉన్నది 2021 మోడల్‌కి 382 అయింది. హెడ్ నుంచి పొగ బయటకి రావడానికి రెండు దారులు ఉన్నచోట ఆరు దారులు పెట్టి, రెండు పాయల మానిఫోల్డ్ అమర్చారు. దాంతోపాటే పిస్టన్లు మార్చి కంప్రెషన్ 11 నుంచి 10.2 కి దించారు. ఈసీయూ లెక్కలు మళ్ళీ రాశారు. మూడూ కలిస్తే 47 గుర్రాలు. మీరు అందులోంచి ఒక్క పైపు పీకి తెచ్చుకుని "టయోటా కూడా ఇదే చేసింది" అంటే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంటుంది.

మరి ఎం54 కి హెడర్ పెట్టాక కొంతమందికి నిజంగానే కాస్త పవరు వస్తుంది, పై ఆర్‌పీఎంలో. అదెక్కడిది? ఇక్కడే అసలు విషయం. ఈ కారు మానిఫోల్డుల్లోనే క్యాటలిటిక్ కన్వర్టర్లు ఉంటాయి. గొట్టం తర్వాత గొట్టం కాదు, మానిఫోల్డూ క్యాటూ కలిపి ఒకే ముక్క. మానిఫోల్డ్ పీకి హెడర్ పెట్టారంటే రెండు క్యాట్లూ పీకేసినట్టే. ఆ కాస్త పవరూ గొట్టాల వంపుల్లోంచి వచ్చింది కాదు, తీసేసిన జాలీ లోంచి వచ్చింది. టర్బో ఉన్న 335ఐ లోనూ ఇదే తంతు, అక్కడ పేరు డౌన్‌పైప్. ఎన్54 ఇంజిన్‌లో మూడేసి సిలిండర్లకి ఒక చిన్న టర్బో, దాని కింద క్యాట్ ఉన్న గొట్టం. టర్బో తర్వాత అడ్డు తగ్గిస్తే లాభం ఉండడం నిజమే, నేను కాదనను. ఆ అడ్డు పేరే క్యాట్. "స్టేజ్ 2" అని ముద్దుపేరు పెట్టి అమ్మేది చాలాసార్లు ఇదే. ఆ స్టేజీలకి ఎవరూ రాసిపెట్టిన ప్రమాణం లేదు, ఎవరి స్టేజ్ వాళ్ళది.

క్యాట్‌ని మానిఫోల్డ్‌లోకి ఎందుకు తోశారు మ్యూనిక్ వాళ్ళు? అది 250, 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలెట్టదు. పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో వచ్చే పొగే అన్నిటికంటే పాడు పొగ. ఇంజిన్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత తొందరగా వేడెక్కుతుందని పెట్టారు. ఒకసారి వేడెక్కాక కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు తొంభై శాతం పైగా అక్కడే ఆగిపోతాయి. అది లేకపోతే మొత్తం బయటికే.

మా అపార్ట్‌మెంట్లో ఒకాయన ఉన్నారు. మంచాయన, నాకంటే పెద్ద, అన్నా అని పిలుస్తాను. క్యాట్లు తీసేసిన 335ఐ ఆయనది. పొద్దున్న ఎనిమిదింటికి కార్‌పోర్ట్‌లో స్టార్ట్ చేసి, వేడెక్కాలని అయిదు నిమిషాలు వదిలేస్తారు. పచ్చి పెట్రోలు కంపు, కళ్ళు మండుతాయి. సరిగ్గా ఆ కార్‌పోర్ట్ మీద మన వాళ్ళే ఒక కుటుంబం. వాళ్ళ పాపకి అయిదేళ్ళు, స్కూలు బ్యాగులో ఇన్‌హేలర్ పెట్టి పంపిస్తారు. ఆ పాప ఆస్తమా ఈ కారు వల్ల వచ్చిందని నేననను, నాకు అంత వైద్యం తెలియదు. కానీ ఊపిరాడని పిల్ల కిటికీ కింద ఆ పొగ వదలకూడదని చెప్పడానికి వైద్యం తెలియక్కర్లేదు కదా. ఒకసారి అన్నాను. "సౌండ్ విన్నావా తమ్ముడూ, అది చెప్పు ముందు" అన్నారు నవ్వుతూ. విన్నాను. బాగుంది. పైన కిటికీ మూసేసిన చప్పుడు కూడా విన్నాను.

ఇంకొంచెం కటువుగా మాట్లాడతాను, ఎందుకంటే ఇప్పుడు మన వృత్తి దగ్గరికి వస్తున్నాం. క్యాట్ తీసేస్తే కారు ఊరుకోదు. క్యాట్ తర్వాత ఉండే ఆక్సిజన్ సెన్సర్ పట్టేస్తుంది, పీ0420 అని కోడ్ ఇచ్చి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? సెన్సర్‌ని పొగకి దూరంగా జరిపే ఒక చిన్న ఇత్తడో స్టీలో ముక్క పెడతారు, దానికి అంతా బాగుందని భ్రమ కలిగించడానికి. లేదా ట్యూన్‌లోనే ఆ కోడ్ రాకుండా ఆపేస్తారు. ఎర్రర్ వస్తోందని ఎర్రర్‌ని బాగుచెయ్యడం కాదు, ఎర్రర్ చెప్పే నోరు నొక్కడం. ఖాళీ క్యాచ్ బ్లాక్.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ సంగతి బయటపడింది గుర్తుందా? టెస్ట్ జరుగుతోందని కనిపెట్టి, అప్పుడు మాత్రం బుద్ధిగా ఉండి, రోడ్డెక్కాక విషం కక్కేలా డీజిల్ కార్లలో సాఫ్ట్‌వేర్ రాశారు. జేమ్స్ లియాంగ్ అనే వాళ్ళ ఇంజినీరుకి 2017లో 40 నెలల జైలు, రెండు లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. మేనేజర్ కాదు, సీఈఓ కాదు, ఇంజినీరు. ఇంజినీరింగ్ ఎథిక్స్ అని ట్రెయినింగుల్లో ఇప్పటికీ ఆ కథే చెప్తారు, మనమూ అయ్యో అని తలాడిస్తాం. సాయంత్రం ఇంటికొచ్చి అదే అబద్ధాన్ని లాప్‌టాప్‌లోంచి సొంత కారులోకి ఫ్లాష్ చేస్తాం. "వాళ్ళవి లక్షల కార్లు, నాది ఒక్క కారు" అంటారా? తిలాపాపం తలా పిడికెడు. వాళ్ళని పై అధికారులు తోశారు, జీతం కోసం చేశారు అనుకోవచ్చు. మీచేత ఎవరు చేయించారు?

చట్టం సంగతి తొందరగా. అమెరికా మొత్తానికీ క్లీన్ ఎయిర్ యాక్ట్ ఉంది, ఎమిషన్ భాగాల్ని పనిచెయ్యకుండా చెయ్యకూడదు. కాలిఫోర్నియాలో విడిభాగానికి వాయు వనరుల బోర్డు ఇచ్చిన ఈఓ నంబరు ఉండాలి. ఇది కొనేముందు చూసుకోవడం రెండు నిమిషాల పని. 2021 జులై నుంచి స్మాగ్ చెక్‌లో ఈసీయూ సాఫ్ట్‌వేర్ కూడా చూస్తున్నారు. ఈసీయూ తన కాలిబ్రేషన్ మీద లెక్కగట్టిన ఒక వెరిఫికేషన్ నంబరు చెప్తుంది, అది కంపెనీ నంబరుతో కలవకపోయినా, ఈఓ ఉన్న ట్యూన్ కాకపోయినా ఫెయిల్. చెక్‌సమ్ అండీ, మన చెక్‌సమ్! దానికీ మనవాళ్ళ దగ్గర ఉపాయం ఉంది: టెస్ట్ ముందురోజు స్టాక్ ఫైల్ ఫ్లాష్ చేసి, పాత క్యాట్ బిగించి, పాసయ్యాక మళ్ళీ మార్చుకోవడం. ఫోక్స్‌వాగన్ వాడు కనీసం దాన్ని ఆటోమేట్ చేశాడు.

ఇది ఒక్క కాలిఫోర్నియా రోగం కాదు. బీఎమ్‌డబ్ల్యూ ఎం340ఐ ని 2021 నుంచి చెన్నైలో బిగించి అమ్మడం మొదలెట్టారు, అదే బీ58 ఇంజిన్. హైదరాబాదులో నాతో చదివినవాళ్ళు ఇద్దరు కొన్నారు. కారు డెలివరీ తీసుకున్న వారానికే "ఏ ట్యూన్ బాగుంటుంది, క్యాట్ తీసేస్తే పాప్స్ అండ్ బ్యాంగ్స్ వస్తాయా" అని ఫోన్లు. 387 హార్స్‌పవర్ చాలలేదట, గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర! మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి చెప్తే "ఎవడు చూస్తాడు మావా" అన్నారు. ఈ మాట దగ్గర మాత్రం రెండు దేశాలూ ఒకటే.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. హెడర్ కావాలా, పెట్టుకోండి. మంచి క్యాట్లతో, ఈఓ నంబరుతో దొరికితే పెట్టుకోండి. ముందు వ్యానోసూ లీకులూ బాగుచేయించండి. ఒకే రోజు, ఒకే డైనో, ఒకే గేరు, ఒకే కరెక్షన్, ముందు మూడు పరుగులు, తర్వాత మూడు పరుగులు, ప్రింటు కాదు, అసలు ఫైలు అడిగి తెచ్చుకోండి. పీక్ నంబరు వదిలేసి 2500 నుంచి 5000 దాకా గీత ఎలా ఉందో చూడండి, మీరు రోజూ బతికేది అక్కడే. ఇంత చేశాక కూడా మీకు కావలసింది చప్పుడే అని తేలితే, చప్పుడు కోసం పెట్టాను అని చెప్పండి. అందులో సిగ్గేముంది? ఇన్‌లైన్ సిక్స్ చప్పుడుకి పడిపోనివాడెవడు? క్యాట్లు జోలికి పోకుండా వెనక మఫ్లర్ మారిస్తే అదీ తీరుతుంది, తక్కువ ఖర్చులో.

"మేం ట్రాక్ మీదే వాడతాం" అనేవాళ్ళు కొందరున్నారు. ఆ క్యాట్ లేని పైపుల డబ్బా మీద కూడా అదే రాసి ఉంటుంది, రోడ్డు మీద వాడరాదు అని. మనకి దగ్గర్లో ఉన్న పెద్ద ట్రాక్ లగూనా సెకా. అక్కడ మామూలు రోజుల్లో చప్పుడుకి 90 డెసిబెల్స్ చుట్టుపక్కల హద్దు పెట్టి, మైకు పెట్టి కొలిచి, దాటినవాణ్ణి ఇంటికి పంపిస్తారు. అన్నగారి కారు ఆ గేటు కూడా దాటదు. రోజూ పొద్దున్న ఎనిమిదీ అయిదుకి మా కార్‌పోర్ట్‌లోంచి బయల్దేరి, 237 ఎక్కి ఆఫీసుకి పోతుంది.